ఒకటిన్నర ఇంచు

నలబై దాటితే మొదలైతది.
పక్కగదిలో ఎవరో ఇసుర్రాయి తిప్పుతున్నట్టు,
యాబై ఐదుకు పెద్దగై
అరవై కాడ ఒక్కసారి ఊపిరి బిగబట్టి
మళ్లీ.
మన్ననూరు ఘాటు మలుపుల్ల మాత్రం వేరే చప్పుడు,
సీటు కింద ఎవరో నిద్రల పండ్లు కొరుకుతున్నట్టు.

పదకొండు రోజులు విననట్టే నడిపిన.
పశువుల డాక్టర్ని.
నోరులేనిదాని నొప్పి ఎట్లుంటదో తెలిసీ
రేడియో సౌండు పెంచిన.

అచ్చంపేటల, లింగాల తొవ్వ మొదట్ల
దస్తగిరి భాయ్ షెడ్డు.
ఎడమ చెవి పోయిందాయనకు,
ఎన్నడో లారీ టైరు పేలిన నాడు.
మిగిలిన చెవిని బానెట్ మీదికి వంచి
"నువ్వు చెప్పకమ్మా,
దాన్ని చెప్పనియ్యి" అన్నడు.

హర్యా అనే పోరణ్ణి డిక్కీల పండబెట్టి
హాజీపూర్ చౌరస్తా దాక పోయొచ్చినం.
"కుడి దిక్కు, భాయ్."
వచ్చేటప్పుడు "కాదు కాదు, నడిమిట్ల."
షెడ్డు ముందట దిగి తల గోక్కుంటూ
"అంతట ఉన్నది."

నాలుగు స్టాండ్ల మీద లేపి గేరేసిండు.
నాలుగు చక్రాలూ గాలిల తిరిగినయి
పెండ్లిల తిరిగే పిల్లల తీరుగ,
ఏ చప్పుడూ లేదు.
నేల తగిలితేనే నొప్పి దీనికి.

బేరింగులు ఊపి చూసిండు. గట్టిగున్నయి.
జాయింటు క్రాసు తిప్పి చూసిండు. అదీ మంచిదే.
వెనక హౌసింగు నూనె దించితే
అయస్కాంతం బిరడాకు అంటుకుని
సన్నటి వెండి బురద.
వేళ్ల నడుమ నలిపి, వాసన చూసి,
నా దిక్కు చెయ్యి సాపిండు.
"మెడల ఉన్నదియ్యి."

పొద్దుగాల బర్రె కడుపు విన్న స్టెతస్కోపు
మధ్యాహ్నం ఇనుము కడుపు విన్నది.
ఒక్క చెవిల పెట్టుకుని, కండ్లు మూసుకుని
చానసేపు కింద పండుకున్నడు.
నిద్రపోయిండా అనుకున్న.

లేచి చాయ్ తాగిండు.
తాగుకుంటనే బండి చుట్టూ నడుస్తూ
వెనక కుడి టైరు కాడ ఆగిండు.
దాని మీద రబ్బరు నూగు ఇంకా రాలలేదు,
ఈనిన దూడ చెవి మీద ఉన్నట్టే.

"ఎప్పుడేసినవు?"
"పోయిన నెల. డిండి కాడ పాతది చీరుకపోయింది.
ఒక్కదానికే పైసలుండె."

ఏం అనలేదు.
పక్క దుకాణం మేర యాదయ్య కాడ
జాకెట్ల కొలత టేపు తెచ్చి
అరవై కాడ చాక్‌పీసు గీత పెట్టి, మళ్ల మొదటి నుంచి కొలిచి
మూడిటికి చుట్టుకొలత ఎనబై తొమ్మిదిన్నర.
కొత్తదానికి తొంబై ఒకటి.

గంతే.
ఒకటిన్నర ఇంచు.
కిలోమీటరుకు యాబై అడుగుల పైన తేడా,
అది మింగీ మింగీ
లోపల పండ్ల చక్రాలు అరిగినయి.
"నాలుగూ కలిసి గుంజే బండమ్మా ఇది.
నువ్వు చీరిపోయిందాన్నే చూసినవు,
మిగిలిన మూడూ ఎంత అరిగినయో చూడలే."

టేపు మీద నల్ల మరక పడ్డదని యాదయ్య లొల్లి.
కొత్త టైరును స్టెప్నీ జాగల పెట్టిండు,
అరిగినదాన్ని ఒకదాన్ని యాడనో వెతికి తెచ్చి బిగించిండు.
"చప్పుడు పోయిందా?"
"తగ్గింది. పూర్తిగ పోదు.
నెల రోజులు విననోళ్లకు గుర్తు ఉండాలె గద."

ఇంటికొచ్చేదాక రేడియో పెట్టలేదు.
అరవై కాడ సన్నగ ఉన్నది, ఇంకా.

మరునాడు తండాల
కడుపుబ్బిన ఆవు డొక్కకు స్టెతస్కోపు ఆనిస్తే
అది మెడ తిప్పి మూతి చాచి
గేరాయిల్ వాసన చూసింది.
నేను చెయ్యి తియ్యలేదు.
ఇద్దరం కాసేపు
ఉలకకుండ పలకకుండ విన్నం.