పీకొద్దు

ముందు ఆరు కింద గీత గియ్యాలి.
నేలపూడి ఏసుపాదం గారు నాకు చెప్పిన మొదటి మాట అదే,
నా డిప్లొమా కాగితం వైపు చూడకుండానే.

మురమళ్ళ దాటాక గౌతమి గట్టు కింద
రొయ్యల ఫ్యాక్టరీ.
పన్నెండు చలిగదులు. గదికో సెన్సారు,
సెన్సారుకి మూడు వైర్లు, రెండు ఎరుపు, ఒకటి తెలుపు.
రెండు ఎరుపుల నడుమ మీటరు పెడితే దాదాపు సున్నా.
ఎరుపుకీ తెలుపుకీ నడుమ ఉంటుంది అసలు కబురు.
ముప్పై ఆరూ ఒకే గొట్టంలోంచి
రేవు దాటిన జనంలా తోసుకుంటూ
ప్యానెల్లోకి దిగుతాయి.
మెడలో పేరు లేకపోతే
ఎవరు ఏ చలిని మోసుకొచ్చారో
దేవుడు కూడా చెప్పలేడనేవారు,
ఒక్క ఆదివారమూ చర్చి మానని మనిషి.

స్లీవు మెషీను రాకముందు
సెలైన్ గొట్టం ముక్కలు కోసి
లోపల అంకె రాసిన కాగితం చుట్టేవారట.
ఉప్పుగాలి సిరాని తినేస్తుంది,
ఇత్తడి స్క్రూల్ని నాకి నాకి పచ్చబరుస్తుంది.
గొట్టంలో అంకె మాత్రం నిక్షేపం.

"వైరుకి రెండు కొసలుంటాయమ్మా.
ఒక కొసకి పేరెట్టి పడుకున్నావంటే
రెండో కొస నిన్ను నిద్దర్లేపుద్ది. ఆయ్."

లేపింది.
మే నెల, కరెంటు పోయి వచ్చిన రాత్రి,
టెర్మినల్ బ్లాకు మార్చే తొందరలో
ఒక్క గీత మరిచాను.
స్లీవు తలకిందులుగా ఎక్కింది.
ఆరుని తొమ్మిదనుకుని బిగించాను,
మిగిలింది ఆరే కదా అనుకున్నాను.
తొమ్మిదో గది తలుపు రబ్బరు ఊడితే
ప్యానెలు ఆరో గదికి జ్వరమంది.
కంప్రెసరు నమ్మింది,
చల్లగా ఉన్నదాన్నే రాత్రంతా చల్లబరిచింది.
తెల్లారి తొమ్మిది తెరిస్తే
నాలుగు టన్నుల రొయ్య, మెత్తగా.
వాసన గేటు దాకా వెళ్ళి అందరికీ చెప్పేసింది.

మూడు రోజులు వొలుపు షెడ్డు మూశారు.
పాలెపు మంగాయమ్మ చేతి తొడుగులు చంకలో పెట్టుకుని
నన్నాపి అడిగింది,
"ఒక గీతేనంటగా?"
ఒక గీతే.

ఏసుపాదం గారు కేకలెయ్యలేదు.
స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు.
ఆరులన్నిటికీ గీత గీశాం.
తొమ్మిదులకి కూడా.
"వీటికెందుకండీ?"
"అదీ తిరగబడుద్దిగా."

ఆయన రిటైరయిన ఏడాది
పాత ప్యానెలు అడుగున
ముప్పై ఏడో టెర్మినల్ కనిపించింది.
పదమూడో గది లేని ఫ్యాక్టరీలో.
మసక సెలైన్ గొట్టం, లోపల గుండ్రటి తెలుగు రాత:
ఎక్కడిదో తెలీదు. పీకొద్దు. ఏ.పా.

నవ్వొచ్చింది.
తరవాత మీటరు పెట్టాను.
నూట పది పాయింట్ ఐదు ఓములు.
అంటే ఇరవై ఏడు డిగ్రీలు.
రాత్రి చూశాను, ఇరవై ఏడు.
ముసురులో చూశాను, ఇరవై ఏడు.

కేబులు వెంట నడిచాను.
ఉత్తరం గోడ కింద దూరి
కొబ్బరి పీచు గుట్టల కిందికి పోయింది.
అక్కడ ఐసు గది ఉండేదని
తొంభై ఆరు తుఫానుకి కూలిందని
వాచ్‌మన్ అన్నాడు.
గది లేదు, గోడ లేదు, అడిగేవాడు లేడు.
మట్టిలో ఒక సెన్సారు
ఇన్నేళ్ళూ తడి నేల ఒంటివేడి చెబుతూనే ఉంది.

ఫోన్ చేశాను.
"తెలీదనే రాశాగా" అన్నారాయన.
కాసేపాగి, "ఎంత చూపిస్తంది?" అన్నారు.

ఆయన గొట్టం తియ్యలేదు.
పక్కనే కొత్త స్లీవు ఎక్కించాను.
రెండో కొసకి నా చెయ్యి అందదు.
ఉన్న కొసకే రాశాను: నేల.

దాని కింద గీత అక్కర్లేదు.
గీశాను.