నాలుగు వేళ్ల సందు

కొలత తప్పిందని ఊరందరికీ తెలుసు.
ఎందుకు తప్పిందో నాకొక్కదానికే తెలుసు.

నులక తాడుతో ట్రాక్టరు వెడల్పు కొలిచి, ముడేసి,
తాడును పందిరి మీద పారేసిండు లింగస్వామి.
ఆ రాత్రి చండూరు దిక్కు నుంచి వాన కొట్టింది.
తెల్లారి, తడిసి గుంజుకున్న తాడుతోనే
కడీలకు గుంతలు గీసిండు.
చెప్పబోయిన.
"నీకేం తెలుసే" అన్నడు.
ఊకున్న.

ఎనిమిది రాతి కడీలు,
ఎండిపోయిన బత్తాయి తోట కంచెవి.
ముళ్లతీగ కోసిన గీతలు ఇంకా ఉన్నయి వాటి మీద.
రేకులు మూతబడ్డ రైసుమిల్లువి,
మేకుల బొక్కల్లోంచి పట్టపగలే
ఇంజను మీద చుక్కలు పొడుస్తయి.
ఎనక గోడకు పైసల్లేక ఫ్లెక్సీ కట్టినం.
ఓడిపోయిన సర్పంచి రాత్రీ పగలూ
మా హెడ్‌లైట్లకు దండం పెడుతనే ఉంటడు.
చాంద్‌పాషా వెల్డింగు పట్టి, సగం కూలే తీసుకొని
"వదినా, ఇది కొట్టం కాదు, కత్తికి ఒర" అని నవ్విండు.

అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు.
మొదటి నెలలనే లింగస్వామి
రెండు మడ్‌గార్డులు సొట్ట పెట్టిండు,
ఒక కడీని పక్కకు ఒరిగిచ్చిండు,
ఆనెంక వాకిట్లనే నిలబెట్టి
సీటు మీద యూరియా సంచి కప్పుడు మొదలుపెట్టిండు.

మరి లోపలెవరు పెడుతున్నరు?

ఎవ్వరడగలే.
పొద్దుగూకి, పిల్లలు టీవీ కాడ కూసున్నంక
నేనే ఎక్కుత.
నాట్లేసిన చెయ్యే ఇది.
మొలక ఎంత లోతు దిగాల్నో వేలికి తెలిసినట్టు
కడీ ఎంత దూరముందో చెవికి తెలుస్తది.
రాయి దగ్గరైతే ఇంజను గొంతు మారుతది,
బాయిలకు తొంగి మాట్లాడినట్టు.
తెల్లారి లోపలున్న ట్రాక్టరును చూసి
లింగస్వామి కూడ అడగలే.
ఆయనే పెడుతుండని ఊరనుకుంటె
అననిచ్చిండు.

మూడు కిస్తీలు ఆగినంక ఫైనాన్సోళ్లొచ్చిన్రు.
ఇద్దరు ఇస్త్రీ అంగీలు, వెంట మిర్యాలగూడ డ్రైవరొకడు.
"మీ ఆయన యాడున్నడు?"
"తెల్వదు."
"ఎప్పుడొస్తడు?"
"తెల్వదు."
"తాళం చెవి?"
ఇచ్చిన.
వాళ్లే బిత్తరపోయిన్రు.

అరుగు మీద చాట పెట్టుకొని
బియ్యంల మెరిగెలు ఏరుకుంట చూసిన.
డ్రైవరు ఎనక గేరేసిండు. కుడి టైరు కడీని ఒరుసుకున్నది.
ముందుకు పోనిచ్చిండు. సర్పంచి కడుపుల బంపరు దిగింది.
మళ్ల ఎనక్కి. ఎడమ కడీ.
మళ్ల సర్పంచి.
గంటన్నర.
రేకు మీది పావురాలు లేచి, తిరిగొచ్చి,
అలవాటు పడి కూసున్నయి.
"ఎవడు కట్టిండమ్మ దీన్ని?"
"మా ఆయనే."
"ఎట్ల తీస్తడు?"
"ఆయన తియ్యడు సార్."
అంతవరకే అడిగిన్రు.
అంతవరకే చెప్పిన.

తాళం చెవి నా చాటల ఇసిరి
"ఇది యాడికి పోతది తియ్, సోమారం క్రేను తెస్తం" అని
బండ్లెక్కిన్రు.

ఆ రాత్రి లింగస్వామి ఉత్త చేతులతో వచ్చి
ఉత్త కడుపుతో పండుకున్నడు.
తెల్లారగట్ల నాలుగింటికి
చెవి కొంగు ముడిలోంచి తీసిన.
కుడికి నిండుగ తిప్పి, రోలు దాక.
ఆగి, ఊపిరి పట్టి,
ఎడమకు సగం.
సగంల సగం.
కడీలు రెండూ నా మోకాళ్ల పక్కనుంచి
నెమ్మదిగ ముందుకు పోయినయి.

పక్క ఊర్ల మూడెకరాల దుక్కి,
కిరాయి మాట్లాడుకున్నది నేనే.
ఒక కిస్తీకి కూడ సాలదు, తెలుసు.

బాట ఎక్కే ముందు లైటు కొట్టి చూసిన.
ఖాళీ కొట్టం. నూనె మరక. చినిగిన సర్పంచి.
దూలానికి ఆ నులక తాడు,
రెండు ఎండకాలాలు ఎండి ఎండి
ముడి కాడ మళ్ల
నాలుగు వేళ్లు సాగి.