అడుగు వరుస

సొహార్ రేవుల తొమ్మిదో బెర్తు.
పొద్దుగాల ఐదింటికే ఇనుము కాలుతుంటది.
నా పని లెక్క:
ఓడ దిగే ఎర్రమట్టి ఎన్ని టన్నులు,
ఓడ ఎక్కే ఇనుప గుండ్లు ఎన్ని టన్నులు.
నాలుగు గీతలు నిలువు, ఐదోది అడ్డం.
పదకొండేండ్ల సంది ఇదే రాత.

మొన్న షమ్సా వచ్చింది,
మస్కట్‌ల పెద్ద చదువు చదువుతున్న బలూషీల పిల్ల.
నా పాత టాలీ పుస్తకాలు అడిగింది,
నూనె మరకలతో సహా.
"ఓడల సరుకొక్కటే పోదు, పొగ కూడా పోతది" అన్నది.
లాప్‌టాప్ తెరిచి ఒక గళ్ల పట్టిక పరిచింది.

సిరిసిల్లల సాంచె నడిపినోణ్ని, చూడంగనే ఎరుక పట్టిన:
పడుగూ దేశాలే, పేకా దేశాలే.
ఒక్కో గడిల ఒక అంకె,
ఎవరి దగ్గర ఎవరు ఎంత కొన్నరో.
కొన్నోనికి అమ్మినోడు ఇంకెవని దగ్గరో కొన్నడు,
వాడు మళ్ల ఇంకొకని దగ్గర.
"దీనికి కొస లేదు గదా" అన్న.
"లేదు. కానీ ఒక్కో మలుపుకు చిన్నగైతది,
అందుకే కూడితే ఒక మొత్తం తేలుతది."
మిత్తి మీద మిత్తి కట్టినోణ్ని,
పోంగ పోంగ చిన్నగయ్యే లెక్క
వినుడు అదే మొదలు.

చిమ్నీ ఇక్కడ. పొగ ఈ సముద్రం మీదనే.
గుండ్లు పోయి ఎక్కడనో ఉక్కైతయి,
ఆ ఉక్కు ఇంకెక్కడనో బట్టలుతికే మిషిన్ డొక్కైతది.
దాని తెల్లటి తలుపు మూసే చేతికి
మసి అంటదు.
"మరి ఈ పొగ ఎవరి పద్దుల రాస్తవు?"

ఆమె ఒక మీట నొక్కింది.
ఒమాన్ మీది ఎరుపు లేచి
దూరం దేశాల మీద వాలింది.
ఇంకో మీట నొక్కింది, ఎరుపు వాపసొచ్చింది.
అప్పుడే క్రేను దిగొచ్చిన తొఫజ్జల్
"ఈ రెండు మీటల నడుమ
నా దగ్గు ఏ దిక్కు పోయింది?" అని నవ్విండు.
ఆ నవ్వు దగ్గయ్యేదాక నవ్విండు.

పగటీలి క్యాంటీన్ల నా పళ్లెం ముందర పెట్టి
దీన్నీ లెక్కగట్టు అన్న.
అన్నం, పప్పు, ఇన్ని ఉల్లిగడ్డ ముక్కలు.
ఆమె వేళ్లు ఆడినయి.
"ఇందుల ఒక బాయి ఉన్నది,
మీ ముల్కుదే."
ఆ బాయికి వీసా ఎవరు కొట్టిచ్చిన్రో!
ఆ పూట ఒక్క మెతుకు విడువలేదు నేను.

పట్టిక కిందికి జరుపుతుంటే
అన్ని గళ్లు అయిపోయినంక
అట్టడుగున ఒక వరుస కనవడ్డది.
"ఇదేంది?"
"కూలి. జీతాలు."
"అంటే నేను."
రియాళ్లల్ల ఉన్న. చెమటల లేను.
చెమటకు గడి లేదా అంటే
కొద్దిసేపు తెర దిక్కే చూసి
"దానికి కొలత దొరకలే" అన్నది.
దాచకుంట చెప్పింది, అది నచ్చింది నాకు.

మా భాషల కిందిదీ అడుగే,
కాలు వేసేదీ అడుగే,
నోరు తెరువుమని చెప్పేదీ అడుగే.
ఇది ఆమెకు హిందీల చెప్పబోయి
మాట కుదరక ఊకున్న.

షిఫ్టు దిగి నల్ల కాడ కాళ్లు కడుక్కొని
సిమెంటు మీద నడిచిన.
ఐదో అడుగు పడేసరికి
మొదటిది ఆరిపోయింది.

తెల్లారి ఇంకో ఓడ.
కొత్త పుస్తకం తీసి, తారీఖు వేసి,
మట్టి లెక్క మొదలువెట్టక ముందే
పక్క మార్జిన్‌ల, పెన్సిల్‌తోని,
తొఫజ్జల్ దగ్గు అని రాసుకున్న.
పది కొట్టే యాల్లకు
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.