ఎర్ర దీపం మీద ఫెల్టు ముక్క

డౌగవా నది మీద మంచు పగిలే వారంలో
వెల్టా స్ట్రౌట్మానె ఆ పెట్టెను ఉన్ని శాలువాలో చుట్టి తెచ్చింది,
నిండా పులుసున్న గిన్నెను తెచ్చినట్టు
రెండు చేతులతో, అడుగులో అడుగేసుకుంటూ.

రెండు డిస్కుల పెట్టె.
ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని
అమ్మినవాడు చెప్పిన మాట నిజమే.
ఒకటి పోయి ఎనిమిది నెలలైంది.
ఎర్ర దీపం మీద ఫెల్టు ముక్క అంటించి ఉంది,
పియానో సుత్తెలకు వేసే రకం.

"కూసేది నాయనా. అదీ సరిగ్గా కూస్తేనా!
ఉండాల్సిన స్వరానికి వెంట్రుకవాసి కింద.
రాత్రంతా ఎవరు భరిస్తారు?
నోరు నొక్కే బొత్తం వెతికి నొక్కేశాను."

హెచ్చరికను అపశ్రుతి అని తోసిపుచ్చిన మనిషిని
నేను అంతకుముందు చూడలేదు.
తిట్టాలో నవ్వాలో తెలియక రసీదు రాశాను.

ముప్పై ఒక్క ఏళ్ళు
రిగాలో, చుట్టుపక్కల ఊళ్ళలో పియానోలు శ్రుతి చేసింది.
పని మొదలుపెట్టే ముందు ఒక్క స్వరం,
అయ్యాక అదే స్వరం, రికార్డు చేసుకుంది.
ఎందుకని అడిగితే
"డాక్టరు నాడి చూసి చీటీ రాసుకోడా?" అంది, అంతే.

రెండో డిస్కును బల్ల మీద పెట్టి కరెంటు ఇచ్చాను.
టిక్. టిక్.
టి... క్.
"మూడోది ఆలస్యం," అంది కోటు గుండీలు పెట్టుకుంటూ.
నిజమే. లోపలి తల మూడోసారి తడబడుతోంది.
వెంటనే తీగ లాగేశాను.
ఇంకోసారి చూద్దాం అనుకోవడమంటే
పొదిగే గుడ్డును పగలగొట్టి చూడటమే.

తల మార్చాను. దాత డిస్కు కౌనాస్ నుంచి వచ్చింది,
ఎవరో పళ్ళ డాక్టరుది.
సులువుగా వచ్చేవి ముందు తీసుకోవాలి,
మొండికేసిన చోట నిలబడకూడదు, దాటిపోవాలి,
చివరినుంచి వెనక్కి నడుస్తూ మళ్ళీ అడగాలి.
మా మేస్త్రీ గుంతిస్ అనేవాడు:
అప్పులవాడిలా కాదురా, పిల్లిని పిలిచినట్టు పిలవాలి.

నాలుగు రాత్రులు పిలిచాను.
తెర మీద పచ్చ, పచ్చ, పచ్చ,
నడుమ చిమ్మెటలు కొట్టినట్టు ఎర్రటి చిల్లులు.
ఐదో తెల్లవారుజామున డిస్కు ఇక పలకలేదు.

ఏది ఎక్కడుందో రాసుకున్న కాస్త జాగా ఉంటుందే,
సరిగ్గా అదే చిమ్మెటలకు రుచించింది.
శబ్దాలు మిగిలాయి, పేర్లు పోయాయి.
నాలుగు వేల నూట పన్నెండు ఫైళ్ళు,
వాటికి నేను తగిలించిన ఉత్త అంకెలు.

ఆ మాట చెప్పలేక నీళ్ళు నమిలాను.
ఆమె హెడ్‌ఫోన్లు లాక్కుంది.
"సేసిస్ సంగీత బడి. కిటికీ పక్కది, ఎండకు బీటవారింది."
నేను చూస్తూ కూర్చున్నాను.
"రాసుకో మరి!
ఇది జీడ్రాల ఇంటిది, కడుపులో ఎలుక గూడు.
ఇది ఓడరేవు బారుది, బీరు తాగి ఉబ్బింది.
ఇది... ఎవరూ వాయించరు.
అయినా ఏటా పిలిచి శ్రుతి చేయించేవారు."

పదకొండు రోజులు వచ్చింది, రొట్టె ముక్క డబ్బాలో పెట్టుకుని.

రెండు వేల తొమ్మిది వందల ఏడు.
తీగ మోగింది, సగంలో తెగింది, తర్వాత ఉత్త హోరు.
మళ్ళీ పెట్టమంది. మళ్ళీ. మళ్ళీ.
"తెలియట్లేదు," అంది.
కాసేపటికి, గొంతు తగ్గించి,
"శ్రుతి చేయక ముందుదో, చేశాక పెట్టినదో
అదీ తెలియట్లేదు."
ఆ గడి ఖాళీగా వదిలాం.

కొత్త పెట్టె అమర్చి ఇచ్చాను.
కూస్తే వెంటనే ఫోన్ చెయ్యమన్నాను.
"ఎలా కూస్తుందో ముందు వినిపించు."
పరీక్ష బొత్తం నొక్కాను.
తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని విన్నది.
"ఫరవాలేదు. భరించొచ్చు."

ఫెల్టు ముక్కను మాత్రం
పాత పెట్టె మీంచి ఒలిచి
జేబులో వేసుకుంది.