పదో పిన్ను

మార్చి ఆఖరు. బయట దుమ్ము లేచింది, తోజ్ అంటారిక్కడ.
సాల్మియా మొత్తం పసుపు నీళ్లలో ముంచి తీసిన గుడ్డలా ఉంది.
నేను బౌలింగు జట్టు పద్దు ముందేసుకు కూర్చున్నాను.

బంతులు ఆరు. ఒకటి చీలింది,
అయిదున్నర అని రాయడానికి ఫారం ఒప్పుకోదు.
లేన్లకు పూసే నూనె,
డబ్బా పద్దెనిమిది దీనార్ల ఏడువందల యాభై ఫిల్సులు.
దోహా పోటీలకు ప్రయాణం, మూడొందల పన్నెండు:
డీన్ గారు గీత కొట్టారు. సిరాతో కాదు, పెన్సిలుతో.
చెరపొచ్చేమోనని ఆశ పెట్టడం ఆవిడ పద్ధతి.

సిబ్బంది: కోచ్ ఒకరు, మారివిక్.
ఆమె జీతంలో సగం లైబ్రరీ పద్దులోంచి వస్తుంది
కనక సగం రోజు పుస్తకాలకు ముద్రలు కొట్టి
మిగతా సగం ఆడపిల్లల మణికట్లు సరిచేస్తుంది.

సహాయకులు: లేరు.

టైపు చేసి ఆగాను.

ఆడవాళ్ల వేళల్లో మగ మెకానిక్కు గడప దాటకూడదు.
మూడేళ్ల కిందట ఆట నడుమ
యంత్రం పిన్నును కరిచి వదలకపోతే
చీపురు గోడకానించి వెనక చీకట్లోకి దూరింది ఓబుళమ్మ.
రాజంపేట నించి వంటకని వచ్చి, మూడిళ్లు మారి,
మా కాలేజీలో తుడుపుకు కుదిరిన మనిషి.
"ఏముంది మేడమ్, మా బోరు మోటారు ఇప్పేది నేనే కదా."

ఇప్పుడు బెల్టు తెగక ముందే వాసన పడుతుంది.
బంతి దొర్లే చప్పుడును బట్టి విసిరిందెవరో చెబుతుంది.
ముందువైపు నిలబడి ఆట మాత్రం ఒక్కనాడూ చూళ్లేదు.
జీతాల పట్టీలో ఆమె క్లీనరు. తొంభై దీనార్లు.

చదువుల గడి:
సగటు రెండుకు తగ్గితే జట్టులో చోటు లేదు.
లుల్వాకి ఒకటి పాయింటు తొమ్మిది ఆరు.
స్టాటిస్టిక్స్ ముంచింది.
ఆఖరి బంతి ఎప్పుడూ ఆ పిల్లదే.

నిన్న సాయంత్రం దీపాలార్పబోయి చూశాను.
యంత్రం మూత మీద నోటుబుక్కు,
లుల్వా బడి అరబ్బీలో అడుగుతోంది
ఓబుళమ్మ వంటింటి అరబ్బీలో చెబుతోంది:
మూలనుండే పదో పిన్ను
ఎన్ని విసుర్లకు ఎన్నిసార్లు పడకుండా మిగిలిందో.
వెనక గోడంతా బొగ్గు గీతలు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
మూడేళ్లవి.
"ఊరికే పెట్టినా, పొద్దుపోక."
ఆ పిల్ల ప్రాజెక్టుకని ఎక్కించుకుంటోంది.
అంత నికరమైన లెక్క మా ఆఫీసులో ఒక్కటీ లేదు.

దోహా డబ్బు ఇటు తిప్పితే
ఏడాదికి నెలనెలా ఇరవై ఆరు దీనార్లు పెరుగుతాయి.
ఆమెనే అడిగాను.
"పిల్లోళ్లను పంపీ మేడమ్,
వాళ్లు లేని నాలుగు దినాలూ బెల్టులన్నీ మార్చుకుంటా."
కాసేపాగి, చీపురందుకుంటూ,
"వచ్చే ఏడు మాత్రం నన్నడగొద్దు, రాసెయ్" అంది.

లేరు అన్న మాట కొట్టేశాను.
ఒకరు, అని రాశాను.
జీతం గడి ఖాళీగా ఉంది.
రబ్బరు నా చేతిలోనే ఉంది.