కారణం గడి

జీపు బానెట్ మీద పటం పరిచాను.
నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టినా
వెలికొండ కాగితంలో కూడా కుదురుగా ఉండదు.
"ఇదేందిమే, కొండకి తట్టు పోసినట్టుంది" అన్నాడు నాయన.
ఈ ఎండాకాలానికి ఆయన ఫైర్ వాచర్.
రోజుకూలీ, మెడలో ఒక విజిలు, చేతిలో పచ్చికొమ్మ.
నేను ఆయనకి పైఆఫీసు దాన్ని.

ఎరుపంటే ఏందో చెప్పాను.
బాటకి ఎంత దగ్గర, ఊరికి ఎంత దగ్గర,
వాలు ఎటు, బోదగడ్డి ఎంత ఎండింది,
ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు కాలింది,
అన్నీ పొరలు పొరలుగా పేర్చి
కంప్యూటర్ నూటికి ఇంత అని చెబుతుంది.
కొండ తనంతట తాను అంటుకోదు నాయనా,
ఈ పటం లెక్కేసేది మనుషుల్నే.

ఆయన పటాన్ని తిప్పుకున్నాడు.
ఉదయగిరి దుర్గం తన కుడిచేతికి వచ్చేదాకా తిప్పి
ఒక పసుపు గడి మీద బొటనవేలు పెట్టాడు.
"ఈడ."
అక్కడ బాట లేదు, ఊరు లేదు, పాత మంట లేదు.
"గరిటెల కర్రకి పోయేవోళ్లు ఈడ అన్నం వండుకుంటారు.
ఏప్రిల్లో నీళ్లు ఈడొక్కచోటే.
జిలానీ సాయిబు కొడుకు మొన్ననే బీడీ మొదలుపెట్టినాడు."
ఆ సంగతి తెలిసిన ఉపగ్రహం ఇంకా ఎగరలేదు.

వేలు తీసేముందు
ఎర్రబండ కనుమ దగ్గర ఒక్క క్షణం ఆగింది.
ఏమీ అనలేదు.
జేబు తడుముకుని, బీడీ తీయకుండానే చెయ్యి వదిలేశాడు.

రాత్రి ఆఫీసులో ఆ చుక్క తెరిచాను.
రెండువేల ఎనిమిది, మార్చి పంతొమ్మిది,
మధ్యాహ్నం ఒకటీ నలభై.
కిలోమీటరు పలకలో ఒకే ఒక్క చుక్క.
నమ్మకం డెబ్భై ఎనిమిది శాతం అని రాసి ఉంది.
నాకైతే నూరు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.
"పొద్దువాలి గాలి అణిగినాకే అంటించు,
తొలివానకి మేకలకి లేతగడ్డి వస్తది" అని
అగ్గిపెట్టె నా లంగా బొడ్లో దోపి
తప్పిపోయిన పోతుని వెతుక్కుంటా పోయాడు.
మూడింటికి సర్పంచి ఇంట్లో టీవీలో బొమ్మ.
పొద్దు వాలేదాకా ఎవరు ఆగుతారు?
మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోదీ.
మూడోది కూడా ఆరిపోయుంటే అని
పదిహేడేళ్లుగా గీస్తూనే ఉన్నాను.

మంటకి చప్పుడు ఉంటుందని ఎవరూ చెప్పలేదు,
ఎండు చింతకాయల మీద ఎద్దుల మంద నడిచినట్టు.
రెండు రాత్రులు. నర్ది చెట్లు నిలువునా.
మూడు మేకపిల్లలు.
వాటికి పేర్లు పెట్టింది నేనే.
గార్డు వచ్చి అడిగితే
"నేనే సామీ" అన్నాడు నాయన.
చెంపదెబ్బ చప్పుడు మంట చప్పుడుకంటే చాలా చిన్నది.
ఇంకా వినపడుతుంది.

పట్టికలో అన్నీ నిండి ఉన్నాయి:
అక్షాంశం, రేఖాంశం, వేడి, తేదీ.
కారణం గడి ఒక్కటే ఖాళీ.
పేరు కొట్టాను. నాయన పేరు కాదు.
తీసుకోలేదు.
ఆ వరసలో అక్షరాలు చెల్లవు.
పిడుగైతే సున్నా, మనిషైతే ఒకటి.

ఒకటి కొట్టాను.
ఆ ఒకటి ఒకతె అని
కంప్యూటర్‌కి తెలియనక్కర్లేదు.

కాగితం మీద పసుపు గడిలో
బొటనవేలి మసి అట్లాగే ఉంది.
తుడవలేదు. పక్కన పెన్సిలుతో రాశాను:
నీళ్లు. అన్నం. ఒక కుర్రాడు.
తెల్లారి ఆరింటికి జీపు.
ముందు జిలానీ సాయిబు ఇంటికాడ ఆపమనాలి,
వాళ్ల పిల్లోడు కొండెక్కకముందే.