ఎడమ సీటు

స్టీరింగు కుడివైపున్న జపాను కారు అది.
మా కిర్గిజ్ దేశంలో బళ్లు రోడ్డుకి కుడిపక్కనే పోతాయి.
ముందున్న లారీని దాటాలంటే డ్రైవరుకి
లారీ వెనకతలుపు తప్ప ఏమీ కనపడదు.
ఎడమ సీట్లో కూర్చున్నవాళ్లే అతనికి కళ్లు.
ఈ సంగతి టికెట్టు మీద రాసుండదు.
షేర్ టాక్సీకి టికెట్టే ఉండదు.

ఆ రోజు ఆ సీటు నాది.
"చూపు బాగుందా అక్కా?" అన్నాడు కుబాత్.
ముప్పై ఏళ్ల దర్జీని, నవ్వొచ్చింది.
కారు నిండేదాకా ఊరికే కూర్చోలేక
పిగిలిన సీటుకవరుకి
నా దగ్గరున్న ఎర్రదారంతో నాలుగు కుట్లు వేశాను.

సొరంగం దాటాక సూసమిర్ మైదానం.
జూన్ నెల. కొండల మీద ఇంకా మంచు.
గుడారాల ముందు సీసాల్లో గుర్రంపాలు.
మా ముందు బొగ్గు లారీ,
నల్లటి పొగ మా మొహాన కొడుతూ, నత్తలా.
వెనక ముగ్గురూ పెళ్లికి పోయేవాళ్లు,
చీకటిపడేలోగా చేరతామా అని ఒకటే గొణుగుడు.
కుబాత్ నా వైపు చూశాడు.
నేను మెడ చాచి చూశాను.
రోడ్డు ఖాళీ.
"పో" అన్నాను.

ఒక్క అక్షరం.

గట్టు మీంచి గుర్రంపిల్ల దూకింది.
దాన్ని తరుముతూ గుర్రం మీద పిల్లాడు.
మెదెర్ అని తర్వాత తెలిసింది, పదకొండేళ్లని కూడా.
నేను రోడ్డునే చూశాను.
గట్టుని చూడలేదు.

ఇన్‌స్పెక్టరు ఫారంలో "కారణం" అన్నచోట
జానెడు గీత.
ఏం రాస్తారు అనడిగాను.
"వేగం. అంతకంటే పొడుగు మాట అందులో పట్టదు."

పశువులు దాటేచోట బోర్డేదీ?
స్తంభం మిగిలింది. రేకు ఏ పొయ్యికి మూతయిందో.
కారు కుబాత్‌ది కాదు,
ట్రిప్పులు తగ్గితే ఓనరు తాళంచెవి లాక్కుంటాడు.
స్టీరింగు మార్పించమంటే దండగ అన్నాట్ట.
బొగ్గు లారీ ఆగనేలేదు.
పెళ్లికి పోయేవాళ్లు పెళ్లి అందుకున్నారు, వేరే టాక్సీలో.
ఇవన్నీ చెప్పాను. ఆయన విన్నాడు, టీ పోయించాడు,
కలం ముట్టలేదు.

"మరి నేను?"
"మీరేంటి?"
"పొమ్మన్నది నేనే కదా."
ఫారం తిరగేసి చూశాడు.
"ప్రయాణికులకి ఒక గడి ఉంది. గాయాలుంటేనే నింపాలి.
మీకేమైనా తగిలిందా?"

తగల్లేదని రాసుకున్నాడు.

నలభయ్యో రోజున ఆ గుడారం వెతుక్కుంటూ వెళ్లాను.
కుబాత్ అప్పటికింకా లాకప్‌లోనే.
మెదెర్ తల్లి నూనెలో రొట్టెలు వేయిస్తోంది.
పోయినవాళ్లకి ఆ వాసన చేరుతుందంటారు మాలో.
దారంతా కూడబలుక్కున్న మాట
నా నోటినుంచి రాకముందే ఆవిడే అంది:
"పిల్ల తప్పించుకుంది, పట్టుకురా అని నేనే పంపాను.
గిన్నెలో పాలు సగమే తాగాడు.
అవి తాగి పొమ్మనాల్సింది."
"తాడు పాతదని నాకు తెలుసు," అన్నాడు తండ్రి గుమ్మం దగ్గర్నించి.
మొత్తం నాదంటే నాదని
వారసులు తగువులాడే ఆస్తిలా ఉంది తప్పు.
ఓనరు ఆ ఛాయలకే రాలేదు.

నా వాటా నేనూ అడిగాను.
ఆవిడ వేడి రొట్టె నా చేతిలో పెట్టింది.
చెయ్యి కాలింది. ఏమీ అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు వెనక సీటే అడిగి ఎక్కాను.
కొత్త రంగు, కొత్త అద్దం, కొత్త డ్రైవరు.
ముందు ఎడమ సీట్లో కుర్రాడు, ఫోనులో మునిగి.
వాడి వీపు పక్కన సీటుకవరు మీద
నాలుగు ఎర్రటి కుట్లు.

ఎదురుగా లారీ.
"ఖాళీయేనా తమ్ముడూ?" అన్నాడు డ్రైవరు.
కుర్రాడు తల సగం ఎత్తాడు.
"ఆగు!" అని వెనకనించి అరిచాను.

రోడ్డు ఖాళీగానే ఉందట.
దిగేదాకా అందరూ నన్ను విసుక్కుంటూనే ఉన్నారు.